ఏ స్వచ్ఛంద సంస్థలో చేరాలి? జీతాన్ని, సిబ్బందిని, నాయకత్వాన్ని పోల్చి చూసే పద్ధతి

మా అక్క కూతురు ఎంఎస్‌డబ్ల్యూ (సామాజిక సేవలో పీజీ) పూర్తి చేసిన ఏడాదే, ఒకే వారంలో రెండు స్వచ్ఛంద సంస్థల నుంచి పిలుపు వచ్చింది. ఒకటి కళ్యాణదుర్గం వైపు, ఇంకొకటి నంద్యాల జిల్లాలో. మొదటివాళ్లు నెలకు 21 వేలు ఇస్తామన్నారు, రెండోవాళ్లు 18 వేలు. "మామా, ఇందులో ఆలోచించడానికి ఏముంది? ఎక్కువ ఇచ్చేచోటే మేలు కదా" అంది. "బండి పెట్రోలు ఎవరిదమ్మా?" అని అడిగాను. అడగలేదంది. పీఎఫ్ ఉందా? తెలియదు. ఉద్యోగం ఎన్నాళ్లకు? ప్రాజెక్టు ఉన్నన్నాళ్లు. పైన ఎవరున్నారు? "ఒక సార్ మాట్లాడారు, మంచివారే."

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఒక తెల్లకాగితం మీద గీతలు గీశాం. ఆ కాగితమే పెరిగి ఈ వ్యాసమైంది. పద్దెనిమిదేళ్లు ఈ సంస్థల్లో లెక్కలు రాసినవాణ్ని కాబట్టి, ఏ అంకె ఎక్కడ దాక్కుంటుందో కొంత తెలుసు.

అనంతపురం పిల్లలకు ఈ విద్య అవసరం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే నేల ఇది. కరవు వచ్చినచోటికి సేవాసంస్థలు కూడా వచ్చాయి. 1969లో విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడ అడుగుపెట్టి మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర బంజరు నేలలో మొదలైన టింబక్టు కలెక్టివ్, నేల, నీరు, సేద్యం మీద పనిచేసే ఏఎఫ్ ఎకాలజీ సెంటర్, వీటి వెంట పుట్టిన చిన్నా చితకా సంస్థలు ఎన్నో. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక వీటిలో కొన్ని శ్రీసత్యసాయి జిల్లా లెక్కలోకి వెళ్లాయి. పల్లెలో డిగ్రీ చదివిన యువతకు టీచరు ఉద్యోగం, సచివాలయం ఉద్యోగం తర్వాత తలుపు తట్టగలిగే చోటు ఇదే. అయినా ఎకరా పొలం కౌలుకు తీసుకునే ముందు ఎన్ని ప్రశ్నలు అడుగుతామో, ఇక్కడ చేరే ముందు అన్ని అడగం. సేవ కదా, జీతం గురించి అడిగితే బాగుండదేమో అన్న మొహమాటం. ముందు దాన్ని పక్కన పెట్టండి.

ముందుగా: దేన్ని దేనితో పోలుస్తున్నారు?

ఆసుపత్రి, బడులు నడిపే వెయ్యిమంది సిబ్బంది ఉన్న సంస్థను, బాల్యవివాహాల మీద పనిచేసే ఎనిమిదిమంది సంస్థతో పక్కపక్కన పెడితే ఏమీ తేలదు. మొదటిదాంట్లో డాక్టర్ల జీతాలు సగటును పైకి లాగేస్తాయి. రెండోదాంట్లో నాయకురాలే లెక్కలు రాస్తుంది, ఆమే బండి నడుపుతుంది. పోలిక నిలబడాలంటే పనితీరు, సిబ్బంది సంఖ్య, డబ్బు వచ్చే దారి దరిదాపుగా ఒకటై ఉండాలి. మూడింటిలో కనీసం రెండు కలవాలి.

డబ్బు దారి అంటే ఏమిటో చెబుతాను. విదేశీ విరాళాలు, కంపెనీల సామాజిక బాధ్యత నిధులు, ప్రభుత్వ ప్రాజెక్టులు, ఊరి చందాలు, ఇవే ప్రధానం. వీటిలో ఏ ఒక్కదాని మీదే సంస్థ నిలబడి ఉన్నా, జీతం ఎంత బాగున్నా ఆ ఉద్యోగం ఒంటి కాలి మంచం. కంపెనీ నిధులైతే ఏడాదికో రెండేళ్లకో కొత్త ఒప్పందం. విదేశీ నిధులైతే అయిదేళ్లకోసారి అనుమతి పునరుద్ధరణ. ప్రభుత్వ ప్రాజెక్టులైతే బిల్లు ఎప్పుడు పాసవుతుందో ఆ దేవుడికే తెలియాలి, అప్పటిదాకా జీతం ఆగుతుంది.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయి

అమెరికాలో లాభాపేక్ష లేని సంస్థలు ఏటా పన్నుశాఖకు 990 అనే పత్రం దాఖలు చేస్తాయి. అందులో డైరెక్టర్లు, ముఖ్య ఉద్యోగుల జీతాలు పేర్లతో సహా ఉంటాయి, అది ఎవరైనా చూడవచ్చు. మన దగ్గర అలాంటి ఒకే కాగితం లేదు. ముక్కలు ముక్కలుగా ఉన్నదాన్ని మనమే అతికించుకోవాలి.

మొదట సంస్థ ఏ చట్టం కింద పుట్టిందో తెలుసుకోండి. సొసైటీ అయితే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద జిల్లా రిజిస్ట్రారు దగ్గర నమోదై ఉంటుంది. కార్యవర్గ సభ్యుల జాబితా అక్కడ ఉండాలి. ట్రస్టు అయితే ట్రస్టు డీడు, అంటే దాన్ని స్థాపించిన పత్రం ప్రధానం. సెక్షన్ 8 కంపెనీ, అంటే కంపెనీల చట్టం కింద లాభాపేక్ష లేకుండా నమోదైనది అయితే మీ పంట పండినట్టే. కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైటులో 100 రూపాయలు కట్టి ఆడిటైన లెక్కలు, డైరెక్టర్ల వివరాలు చూడవచ్చు. అందులో 'ఉద్యోగుల ప్రయోజనాల ఖర్చు' అనే వరుస విడిగా కనబడుతుంది.

నీతి ఆయోగ్ నడిపే ఎన్జీవో దర్పణ్ పోర్టల్లో సంస్థ పేరు కొడితే రిజిస్ట్రేషన్ వివరాలు, ముఖ్యుల పేర్లు, పనిచేసే రంగాలు వస్తాయి. అక్కడున్నవి సంస్థలు స్వయంగా రాసుకున్న వివరాలు. పెళ్లిచూపుల ఫొటోను ఎంత నమ్ముతారో అంతే నమ్మండి.

విదేశీ విరాళాలు తీసుకునే సంస్థ, ఆ డబ్బు వచ్చిన లెక్క, ఖర్చయిన లెక్క ఆడిట్ చేయించి, ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లో బయటపెట్టాలి. 2022 జూలైలో కేంద్ర హోంశాఖ తన సైటులో అందరికీ కనబడే వార్షిక రిటర్నులను తీసేసింది కాబట్టి, ఇప్పుడు సంస్థ సొంత సైటులోనే వెతకాలి. అక్కడ లేకపోతే ఆ సంగతీ రాసుకోండి.

ప్రభుత్వ సొమ్ముతో గణనీయంగా నడిచే స్వచ్ఛంద సంస్థలకు సమాచార హక్కు చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2019లో తీర్పు చెప్పింది. అలాంటిది కాకపోయినా, రిజిస్ట్రారు కార్యాలయంలో ఉన్న కాగితాల కోసం 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవచ్చు. నేను మాత్రం దీన్ని చివరి మెట్టుగానే చూస్తాను. చేరబోయే చోట సమాచార హక్కు దరఖాస్తుతో పరిచయం మొదలుపెట్టడం అంత బాగుండదు.

అన్నిటికన్నా విలువైన కాగితం వార్షిక నివేదిక. అందులోనూ చివరి రెండు పేజీలు. 2004లో ఏర్పడిన క్రెడిబిలిటీ అలయన్స్ అనే వేదిక స్వచ్ఛంద సంస్థలకు కొన్ని ప్రమాణాలు పెట్టింది. వాటి ప్రకారం సంస్థ అధినేత జీతం, ఎక్కువ జీతం తీసుకునే ముగ్గురి జీతాలు, అందరికన్నా తక్కువ జీతం ఎంతో వార్షిక నివేదికలో చెప్పాలి. ఏ జీతం శ్రేణిలో మగవాళ్లు ఎందరు, ఆడవాళ్లు ఎందరు అని ఒక పట్టిక కూడా వేయాలి. ఇది చట్టం కాదు, ఇష్టపడి పాటించేది. అందుకే పట్టిక వేసిన సంస్థకు నా దగ్గర ముందే ఒక మెట్టు ఎక్కువ. ముఖచిత్రం మీద నవ్వే పిల్ల ఫొటో అందరూ వేస్తారు.

జీతం: ఆఫర్ లెటరులో అంకెను చీల్చి చూడడం

మా అమ్మాయి కాగితానికి వద్దాం. మొదటి సంస్థ 21 వేలు అన్నది 'కన్సాలిడేటెడ్' జీతం. అంటే మూలవేతనం, అలవెన్సులు అనే విభజన లేదు, పీఎఫ్ లేదు, ఏమీ లేదు. సొంత బండి, సొంత పెట్రోలు. ఆమె తిరగాల్సిన పల్లెలు రోజుకు సుమారు 60 కిలోమీటర్లు. నెలకు 24 రోజులంటే 1,440 కిలోమీటర్లు. స్కూటీ లీటరుకు 50 ఇస్తుందనుకుంటే దాదాపు 29 లీటర్లు. లీటరు 110 రూపాయలు వేసుకుంటే 3,200 దాకా అవుతుంది. టైర్లు, ఇంజనాయిలు నేను కలపలేదు. 21 వేలు అక్కడికక్కడే 17,800కు దిగింది.

రెండో సంస్థ 18 వేలలో 15 వేలు మూలవేతనం. దాని మీద యాజమాన్యం వాటా పీఎఫ్ 12 శాతం, అంటే 1,800 విడిగా కడతామని లెటరులోనే రాశారు. ఆమె వాటా మరో 1,800 జీతంలోంచి కోస్తారు, అయినా అది ఆమె ఖాతాలోనే ఉంటుంది. పెట్రోలుకు కిలోమీటరు లెక్కన బిల్లు. అంటే ఆ ఉద్యోగం అసలు విలువ 19,800. మూడు వేలు తక్కువ అనుకున్నది నిజానికి రెండు వేలు ఎక్కువ. ఆ అంకె చూసి మా అమ్మాయి పెన్ను కింద పెట్టేసింది.

కాబట్టి ప్రతి సంస్థకూ ఇలా రాసుకోండి: లెటరులో చెప్పిన జీతం, దానికి యాజమాన్యం కట్టే పీఎఫ్ కలపండి, మీరు పెట్టుకోవాల్సిన ప్రయాణ ఖర్చు, ఫోను ఖర్చు తీసేయండి. ఆరోగ్య బీమా ఉంటే పక్కన రాయండి. వచ్చిన అంకెనే పోల్చండి. 'ఏడాదికి మొత్తం ఖర్చు' అని పెద్ద అంకె చెబితే, అందులో యాజమాన్యం వాటా పీఎఫ్, గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే సొమ్ము) ముందే కలిపేశారేమో అడగండి. కలిపేసి ఉంటే రెండోసారి కలపకూడదు.

పీఎఫ్ గురించి ఒక చిట్కా ఉంది. 20 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థకు పీఎఫ్ తప్పనిసరి. పీఎఫ్ చూసే ప్రభుత్వ సంస్థ ఈపీఎఫ్‌ఓ సైటులో, మీరు చేరబోయే సంస్థ పేరుతో వెతికితే, ఏ నెలలో ఎంత సొమ్ము జమయిందో, ఎంతమందికి జమయిందో కనబడుతుంది. ఉద్యోగి వాటా 12, యాజమాన్యం వాటా 12, బీమా, నిర్వహణ ఖర్చులు కలిపి ఇంకొక శాతం, వెరసి సుమారు 25 శాతం. అంటే జమయిన సొమ్మును నాలుగుతో గుణించి, మనుషుల సంఖ్యతో భాగిస్తే పీఎఫ్ లెక్కకు తీసుకున్న సగటు జీతం వస్తుంది. 96 మందికి 3,60,000 కట్టారనుకోండి. నాలుగుతో గుణిస్తే 14,40,000. 96తో భాగిస్తే సరిగ్గా 15,000. పీఎఫ్ లెక్కకు తీసుకునే జీతానికి ఇదే గరిష్ఠ పరిమితి కాబట్టి, అసలు జీతాలు అంతకన్నా ఎక్కువే ఉండవచ్చు, పరిమితి దగ్గర ఆపి కడుతున్నారని అర్థం. అదే 100 మందికి 2,40,000 కడితే సగటు 9,600. జీతమే తక్కువో, మూలవేతనాన్ని కుదించి మిగతాది అలవెన్సుల్లో పెట్టారో, ఏదో ఒకటి. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు ఏది అని అడగండి.

ఇంకో సంగతి చూడండి. వార్షిక నివేదికలో సిబ్బంది 180 అని ఉంది, పీఎఫ్ కడుతున్నది 70 మందికి. మిగతా 110 మంది ఎవరు? చాలాసార్లు వాళ్లు పల్లెల్లో పనిచేసే యానిమేటర్లు, వాలంటీర్లు. జీతం అనరు, 'గౌరవ వేతనం' అంటారు. వోచరు మీద సంతకం తీసుకుని ఇస్తారు. పని మాత్రం గౌరవంగా ఉదయం ఆరింటికే మొదలవుతుంది. మరికొందరు 'కన్సల్టెంట్లు', అంటే రోజూ ఆఫీసుకు వచ్చినా జీతం కాకుండా ఫీజు తీసుకునేవాళ్లు, అందులోంచి 10 శాతం టీడీఎస్, అంటే ముందుగానే కోసే ఆదాయపు పన్ను పోతుంది. మీకు ఇవ్వబోయేది ఈ మూడింటిలో ఏ కుర్చీనో ముందే తేల్చుకోండి.

ఏటా మార్చి 31న ముగించి, ఏప్రిల్‌లో మళ్లీ రాసే ఒప్పందాలు ఇక్కడ మామూలే. పాత గ్రాట్యుటీ చట్టంలో అయిదేళ్ల నిరంతర సర్వీసు కావాలి కాబట్టి, ఇలా తెంచి అతికించినవాళ్లకు గ్రాట్యుటీ అందేది కాదు. 2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాల స్థానంలో కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాక, నిర్ణీత కాలపు ఒప్పందం మీద ఏడాది పనిచేసినవారికి కూడా ఆ హక్కు వచ్చింది. ఇంటర్వ్యూలో "మీ దగ్గర కాంట్రాక్టువాళ్లకు గ్రాట్యుటీ ఎలా లెక్కిస్తున్నారు?" అని అడిగి చూడండి. సమాధానం కన్నా ముఖం ఎక్కువ చెబుతుంది.

ఆడిట్ రిపోర్టులో జీతాలన్నీ 'జీతాలు' అన్న వరుసలో ఉండవు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత విదేశీ విరాళంలో పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు, అంతకుముందు 50 దాకా ఉండేది. ఫీల్డులో పనిచేసేవారి జీతం, బడిలో టీచరు జీతం, ఆసుపత్రిలో డాక్టరు జీతం పాలనా ఖర్చు కిందకు రావు. అందువల్ల జీతాల్లో పెద్ద భాగం 'విద్యా కార్యక్రమం', 'మహిళా సంఘాల కార్యక్రమం' అన్న పద్దుల కింద ఉంటుంది. ఇది మోసం కాదు, నిబంధనే అలా ఉంది. 'పాలనా ఖర్చు 8 శాతమే' అని గర్వంగా రాసిన సంస్థ గొప్పదని, 18 శాతం రాసినది దుబారా అని అనుకోవడం మాత్రం పొరపాటు. నిజాయితీగా అకౌంటెంటుకు, హెచ్ఆర్ మనిషికి సరైన జీతమిచ్చే సంస్థకు ఆ అంకె కాస్త ఎక్కువే వస్తుంది. ఇందులో నాకు స్వార్థం ఉంది, ఒప్పుకుంటాను. నేను ఆ 20 శాతం లోపల బతికినవాణ్నే.

ఇక చేదు మాట. నా తొలి ఉద్యోగంలో నెలకు 6,000 తీసుకున్నట్టు సంతకం పెట్టేవాణ్ని, అందులో 1,500 'సంస్థకు విరాళం' పేరుతో అక్కడే తిరిగి ఇచ్చేవాణ్ని. రసీదు కూడా ఇచ్చేవారు, అదొక సంబరం. ఇలా సంతకం ఒక అంకెకు, చేతికి ఇంకో అంకె అన్న అలవాటు కొన్నిచోట్ల ఇప్పటికీ పోలేదు. చేరబోయే సంస్థలో అదే హోదాలో పనిచేసే ఒకరిద్దరిని టీ కొట్టు దగ్గర కలిసి, పే స్లిప్పు అంకె, బ్యాంకులో పడే అంకె, చివరికి చేతిలో మిగిలే అంకె ఒకటేనా అని నెమ్మదిగా అడగండి.

చివరిగా నిష్పత్తి. అందరికన్నా పైనున్నవారి జీతాన్ని అందరికన్నా కిందున్నవారి జీతంతో భాగించండి. పైన 60 వేలు, కింద 12 వేలు అయితే అయిదు రెట్లు. పైన లక్షా ఇరవై వేలు, కింద 8 వేలు అయితే పదిహేను రెట్లు. పైవారి జీతం ఎక్కువగా ఉండడం తప్పని నేననను. మంచి డైరెక్టరు కావాలంటే మంచి జీతం ఇవ్వాల్సిందే. కింది అంకె ఆ ఊళ్లో ఇల్లు గడవడానికి చాలుతుందా అన్నదే నా ప్రశ్న.

"మా అధ్యక్షుడు ఒక్క రూపాయి కూడా జీతం తీసుకోరు" అన్న మాట వింటే చప్పట్లు కొట్టే ముందు ఆగండి. కారు ఎవరి పేరుమీద ఉంది, ఆఫీసు భవనం ఎవరిది, దాని అద్దె ఎవరి ఖాతాకు వెళుతుంది? సంస్థకు సంబంధించిన వ్యక్తులకు, వారి బంధువులకు చేసిన చెల్లింపులు ఆదాయపు పన్ను ఆడిట్ నివేదికలో విడిగా చూపాలి. నిజంగానే త్యాగం చేసినవాళ్లు ఉన్నారు, అలాంటివారిని నేను చూశాను. వాళ్లకు ఈ ప్రశ్న అడిగితే కోపం రాదు.

సిబ్బంది: ఎందరున్నారు కాదు, ఏ మెట్టు మీద ఉన్నారు

'మా సిబ్బందిలో సగానికి పైగా మహిళలే.' ఈ వాక్యం లేని వార్షిక నివేదిక నేను చూడలేదు. నేను చెప్పిన జీతాల పట్టిక ఇక్కడ అక్కరకు వస్తుంది. ఊహకు రెండు సంస్థలు తీసుకుందాం.

| నెల జీతం | మొదటి సంస్థ: పురుషులు | మొదటి సంస్థ: మహిళలు | రెండో సంస్థ: పురుషులు | రెండో సంస్థ: మహిళలు |
|---|---|---|---|---|
| 10 వేల లోపు | 8 | 34 | 4 | 3 |
| 10 నుంచి 25 వేలు | 30 | 28 | 22 | 13 |
| 25 నుంచి 50 వేలు | 12 | 4 | 8 | 6 |
| 50 వేలు దాటి | 4 | 0 | 2 | 2 |
| మొత్తం | 54 | 66 | 36 | 24 |

పైపైన చూస్తే మొదటి సంస్థలో మహిళలు 55 శాతం, రెండోదాంట్లో 40 శాతమే. ఇప్పుడు 25 వేల గీత దగ్గర అడ్డంగా కోయండి. మొదటిదాంట్లో ఆ గీతపైన ఉన్న 20 మందిలో మహిళలు నలుగురు. రెండోదాంట్లో 18 మందిలో ఎనిమిదిమంది. ఇంకోవైపు నుంచి చూస్తే, మొదటి సంస్థలో చేరిన నూరుమంది ఆడవాళ్లలో ఆ గీత దాటినవాళ్లు ఆరుగురు, అదే మగవాళ్లలో 30 మంది. రెండో సంస్థలో ఆడవాళ్లు 33, మగవాళ్లు 28. మా అమ్మాయిలాంటివాళ్లకు ఏది మంచిదో ఇక నేను చెప్పనక్కర్లేదు.

ఇదే కోత కులం మీద, వైకల్యం మీద, మతం మీద కూడా వేయాలి. చిక్కు ఏమిటంటే ఈ లెక్కలు బయటపెట్టాలన్న నిబంధన ఏదీ స్వచ్ఛంద సంస్థలకు లేదు. రాయలసీమలో చాలా సంస్థలు పనిచేసేదే దళితవాడల్లో, సుగాలి తండాల్లో, నల్లమల అంచు చెంచుగూడేల్లో. లబ్ధిదారుల్లో ఎస్సీలు, ఎస్టీలు ఎందరన్నది ప్రతి నివేదికలో మూడు రంగుల బొమ్మ వేసి చూపిస్తారు. సిబ్బందిలో ఎందరు, మేనేజర్లలో ఎందరు అన్నచోట బొమ్మ మాయమవుతుంది.

అడగడానికి ఒక తీరు ఉంది. మనుషులను పట్టుకుని మీదే కులం అని అడగకండి, అది అమర్యాద. హెచ్ఆర్ విభాగాన్ని మొత్తం సంఖ్యలు అడగండి. "ఫీల్డు, సూపర్‌వైజరు, మేనేజరు స్థాయిల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, వికలాంగ ఉద్యోగులు ఎందరెందరు?" అంతే. ఒక గడిలో అయిదుగురి కన్నా తక్కువ ఉంటే ఆ అంకెను ఎవరికీ చూపించకండి. పదిమంది ఉన్న ఆఫీసులో 'ఎస్టీ మేనేజరు 1' అని రాస్తే పేరు రాసినట్టే.

వికలాంగుల విషయంలో చట్టం మీ చేతికి ఒక పట్టు ఇచ్చింది. 2016 చట్టం ప్రకారం ప్రతి సంస్థకూ సమాన అవకాశాల విధానం ఉండాలి. దాని ప్రతి అడగండి. ఆఫీసు మొదటి అంతస్తులో ఉండి, లిఫ్టు లేకుండా, ఆ ప్రతి మాత్రం అందంగా ముద్రించి ఉంటే అదీ ఒక సమాచారమే.

ఏ ఊరివాళ్లు, ఏ భాష మాట్లాడతారు అన్నది ఏ నివేదికలోనూ ఉండదు, మీరే గమనించాలి. మడకశిర, రాయదుర్గం వైపు ఇళ్లలో కన్నడం వినబడుతుంది. కడప, కర్నూలు పాతబస్తీల్లో ఉర్దూ. అక్కడ పనిచేసే సంస్థలో ఆ భాషలు వచ్చినవాళ్లు డ్రైవర్లుగా, ఆయాలుగా మాత్రమే ఉండి, సమావేశంలో కూర్చునేవాళ్లందరూ హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో వచ్చినవాళ్లయితే, ఆ నిచ్చెన మీకు ఎంతవరకు అందుతుందో ఊహించుకోవచ్చు.

26 వారాల ప్రసూతి సెలవు చట్టంలో ఉంది కాబట్టి అందరూ ఉందనే అంటారు. గత మూడేళ్లలో ఎందరు తీసుకున్నారు, వాళ్లలో ఎందరు తిరిగి అదే హోదాలోకి వచ్చారు అని అడగండి.

నాయకత్వం: కుర్చీలో ఎవరు, ఎంతకాలంగా, తర్వాత ఎవరు

కార్యవర్గం జాబితా తెచ్చుకుని ఇంటిపేర్లు చదవండి. నవ్వొచ్చినా ఇదే మొదటి పరీక్ష. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురిదీ ఒకే ఇంటిపేరైతే అది సంస్థ కాదు, సంసారం. ఇంటిపేర్లు వేరైనా బావలు, వియ్యంకులు ఉండవచ్చు. ఊళ్లో ఒక్క గంట కూర్చుంటే ఆ చిట్టా మొత్తం దొరుకుతుంది. బోర్డులో కనీసం మూడింట రెండు వంతులమంది ఒకరికొకరు రక్తసంబంధం, వివాహసంబంధం లేనివారై ఉండాలని, సగానికి మించి సభ్యులు సంస్థ నుంచి జీతభత్యాలు తీసుకోకూడదని క్రెడిబిలిటీ అలయన్స్ ప్రమాణం. ఈ కొలత ఎక్కడైనా పనికొస్తుంది.

వ్యవస్థాపకులు ఇరవై, ముప్పై ఏళ్లుగా అదే కుర్చీలో ఉండడం మన దగ్గర సాధారణం. దానికి కారణాలున్నాయి. ఏ దాతా లేని రోజుల్లో ఒంటి చేత్తో నిలబెట్టారు, దాతలు వాళ్ల ముఖం చూసే డబ్బిస్తారు. నాకు ఆ తరం మీద గౌరవమే. కానీ అక్కడ చేరబోయేవాళ్లకు కావలసింది రెండో వరుస. డైరెక్టరు నెలరోజులు ఊళ్లో లేకపోతే చెక్కు మీద ఎవరు సంతకం పెడతారు? దాతతో ఎవరు మాట్లాడతారు? గత పదేళ్లలో ఫీల్డు మనిషిగా చేరి ప్రోగ్రాం మేనేజరు దాకా ఎదిగినవారి పేరు ఒక్కటైనా చెప్పగలరా? ఈ చివరి ప్రశ్నకు తడుముకోకుండా రెండు పేర్లు చెప్పిన సంస్థకు మిగతా అన్నింట్లో కొన్ని మార్కులు తగ్గినా నేను సర్దుకుంటాను.

బోర్డు ఏడాదికి ఎన్నిసార్లు కూర్చుంది, ఎవరు హాజరయ్యారు అన్నది మంచి సంస్థ నివేదికలో వేస్తుంది. సంస్థ పనిచేసే పల్లెల నుంచి బోర్డులో ఎవరైనా ఉన్నారా చూడండి. మహిళా సంఘాల సహకార సంస్థలైతే సభ్యులే పాలకవర్గాన్ని ఎన్నుకుంటారు కాబట్టి లెక్క వేరు. వాటిని ట్రస్టులతో ఒకే గాటన కట్టకండి.

లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. పదిమంది, ఆపైన ఉద్యోగులున్న ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షత సీనియర్ మహిళది, సభ్యుల్లో కనీసం సగం మహిళలు, ఒకరు బయటివారు. ఉందా అని డైరెక్టరును అడగడం వృథా, ఉందనే అంటారు. ఫీల్డులో ఒక అమ్మాయిని "కమిటీలో ఎవరున్నారక్కా?" అని అడగండి. పేరు వెంటనే వస్తే కమిటీ ఉన్నట్టు.

అన్నీ ఒక కాగితం మీదికి

సంస్థకొక నిలువు గీత. అడ్డంగా ఇవి: పీఎఫ్ కలిపి, ఖర్చులు తీసేశాక వచ్చే అసలు జీతం, పీఎఫ్ కడుతున్నవారు మొత్తం సిబ్బందిలో ఎంత శాతం, పై జీతానికి కింది జీతానికి మధ్య రెట్లు, 25 వేల గీతపైన మహిళల వాటా, మేనేజర్లలో ఎస్సీ ఎస్టీల వాటా, బోర్డులో బంధువుల సంఖ్య, అతిపెద్ద దాత వాటా, కింది నుంచి పైకి ఎదిగినవారి పేర్లు. మూడు సంస్థలు చాలు, అయిదు దాటితే బుర్ర తిరుగుతుంది.

అన్నింటికీ మార్కులు వేసి, కూడి, మొదటి ర్యాంకు ఎవరిదో తేల్చాలని అనిపిస్తుంది. ఆ పని చేయకండి. పెళ్లికావలసిన చెల్లెళ్లున్న కుర్రాడికి ఇప్పుడు చేతికొచ్చే జీతం ముఖ్యం. చంటిబిడ్డ తల్లికి ఆఫీసు దూరం, సెలవులు ముఖ్యం. పదేళ్ల తర్వాత డైరెక్టరు కావాలనుకునే పిల్లకు రెండో వరుస ముఖ్యం. మీకు ఏ రెండు వరుసలు ముఖ్యమో వాటి కింద గీత గీసి, ఆ రెండే చూడండి. మిగతావాటిలో మరీ ఘోరమైనది ఏదైనా ఉంటే తప్ప పట్టించుకోకండి.

అడిగినా రాని అంకెలు చాలా ఉంటాయి. ఆ గడిని ఖాళీగా వదలొద్దు, ఊహించి నింపొద్దు. 'సైటులో లేదు' అంటే ఒకటి, 'అడిగితే తర్వాత పంపుతామన్నారు' అంటే ఒకటి, 'ఇవన్నీ మీకెందుకు అన్నారు' అంటే ఇంకొకటి. మూడింటినీ ఆ మాటల్లోనే రాయండి. మా అమ్మాయి కాగితంలో మొదటి సంస్థ నిలువు గీత కింద మూడోది నాలుగుసార్లు వచ్చింది.

అడిగే తీరు కూడా ముఖ్యమే. "మీరు అందరికన్నా తక్కువ జీతం ఎంతిస్తారు?" అని మొహం మీద అడిగితే ఎవరైనా ముడుచుకుంటారు. "సార్, మీ వార్షిక నివేదిక చదివాను, ఆడిట్ పేజీలో ఒక సందేహం" అని మొదలుపెట్టండి. తమ నివేదిక ఎవరో చదివారన్న ఆశ్చర్యంలో చాలామంది మనసు విప్పి మాట్లాడతారు. ఈ రంగంలో ఆ నివేదికలు చదివేవాళ్లు అంత తక్కువ.

కాగితం మీద పైన ఆర్థిక సంవత్సరం రాయడం మరచిపోకండి. ఒక సంస్థ 2022-23 లెక్కను ఇంకొకదాని 2024-25 లెక్కతో పోల్చిన పొరపాటు నేనూ చేశాను. విదేశీ నిధుల లెక్కలకు డిసెంబరు 31 గడువు కాబట్టి, జనవరిలో చూస్తే మార్చితో ముగిసిన ఏడాది అంకెలు దొరుకుతాయి. జూన్‌లో ఉద్యోగం తేల్చుకోవాల్సి వస్తే కొత్త ఏడాదివి ఇంకా రావు, అందరివీ అంతకుముందు ఏడాదివే తీసుకోండి.